తణుకు గారికి ఏమివ్వాలి?

ఆ రోజుల్లో మాకు మనుషులకంటే ముందు వాళ్ళ గొంతులు పరిచయమయ్యేవి. ఫోనులో మొహాలు కనిపించే కాలం కాదు కదా. బల్ల మీద ఒక నల్లటి డబ్బా, దానికి మెలికలు తిరిగిన తీగ, అవతల ఎవరో ఒకరు. ఏళ్ళ తరబడి రోజూ మాట్లాడుకున్న ఇద్దరు ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేసినా ఒకరినొకరు గుర్తుపట్టే వీలు లేదు. అందుకని గొంతును బట్టి మనిషిని ఊహించుకోవడం ఒక అలవాటైపోయేది. లావు గొంతయితే లావు మనిషి, సన్న గొంతయితే సన్న మనిషి. ఈ సిద్ధాంతం మీద నాకు ఎంత నమ్మకం ఉండేదంటే, దాన్ని నమ్ముకుని నా జీతంలోంచి ఒక చొక్కా కూడా కొన్నాను.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. టైపు హయ్యరు పాసై, నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటి పనులయ్యాక అరుగు మీద కూర్చుని అల్లిన టేబుల్ క్లాతులు, దుప్పట్లు మా దగ్గరికి వచ్చేవి. వాటిని ఉతికించి, గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, లోపల పాత గుడ్డ, పైన గోనె చుట్టి బేళ్ళు కట్టి లారీ పార్సిల్ సర్వీసులో మద్రాసు పంపేవాళ్ళం. అక్కడ మా ఏజెంటు వాటిని ఓడ ఎక్కించేవాడు. ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేయడం, ఫోన్లు మాట్లాడడం, బేళ్ళ మీద చిరునామాలు రాయడం నా పని. (అల్లిక మాత్రం నాకు రాదు. మా అమ్మ, అమ్మమ్మ చీకట్లో కూడా అల్లగలిగినవాళ్ళు. నేను అల్లిన ఒకే ఒక్క రుమాలును మా అమ్మమ్మ చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వల అనుకుంటే బానే ఉందమ్మా" అంది.)

ఆఫీసులో నేను కాక ముఖ్యులు ఇద్దరు. ఒకరు మా ఓనరు గారు, మంచివారే కానీ ఓడ బయల్దేరే తేదీ దగ్గర పడుతున్నకొద్దీ మంచితనం తగ్గుతూ వచ్చే మనిషి. రెండో ఆవిడ బేళ్ళు కట్టించే ప్యాకింగ్ పిన్ని. ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నే, ఓనరు గారికి కూడా. బేలులో పురుగు చేరకుండా ఎండిన వేపాకు దోసిళ్ళతో పోసి కుట్టించేది. బేలు మీద నల్ల రంగుతో, కుంచెతో చిరునామా రాయాలన్నది ఆవిడ నియమం. నాకేమో ఆ కుంచె రాత మోటుగా కనిపించేది. విదేశాలకు వెళ్ళే సరుకు మీద చిరునామా కూడా అందంగా ఉండాలని నా అభిప్రాయం. ఒక జూలైలో పిన్ని జ్వరంతో మూడు రోజులు రాలేదు. అవకాశం దొరికింది కదా అని నేను కొత్తగా కొనుక్కున్న స్కెచ్ పెన్నులతో తెల్లగుడ్డ ముక్కల మీద చిరునామాలు గుండ్రంగా రాసి, మూడు బేళ్ళకూ కుట్టించేశాను. మూడోదానికి కొంచెం చోటు మిగిలితే మూలన ఒక గులాబీ కూడా వేశాను.

ఆ రాత్రి వాన దంచి కొట్టింది.

మొదటి రెండు బేళ్ళూ లారీలో పైకప్పు కిందికి చేరాయి కాబట్టి మద్రాసు వెళ్ళాయి. మూడోది వెళ్ళలేదు. మద్రాసు ఏజెంటు ఫోను చేసి రెండే వచ్చాయన్నాడు. ఓడకి ఇంకా వారం ఉంది. ఆ మూడో బేలులో ఉన్నవి పెద్ద దుప్పట్లు, ఐదు నెలలు పాతికమంది ఆడవాళ్ళు అల్లినవి. అది అందకపోతే విదేశంలో కొనేవాళ్ళు మొత్తం సరుకు వద్దంటారు. పాతికమందినీ మళ్ళీ అల్లమని అడగడానికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం. ఓనరు గారు నన్ను పిలిచి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడారు. ఆయన అరిస్తే నాకు భయం ఉండేది కాదు. "చిరునామా ఏంతో రాశావమ్మా?" అన్నారు. చెప్పాను. "సరే. అది దొరికాక మాట్లాడుకుందాం. దొరక్కపోతే మాట్లాడుకోడానికి ఏమీ ఉండదు" అన్నారు.

నరసాపురం నుంచి వెళ్ళే మద్రాసు సరుకంతా తణుకులో దిగి, హైవే మీద పెద్ద లారీల్లోకి మారుతుంది. తణుకు గోడౌనులో గుమాస్తా గారు ఒకాయన ఉండేవారు. "హలో, తణుకు" అని ఫోను ఎత్తేవారు కాబట్టి నా పుస్తకంలో ఆయన పేరు తణుకు గారే. అసలు పేరు అడగాలని ఎప్పుడూ తోచలేదు. గొంతు మాత్రం మబ్బు ఉరిమినట్టు ఉండేది. ఆ గొంతుకి తగ్గ ఆరడుగుల మనిషిని, గుబురు మీసాలతో సహా, నేను ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాను.

ఆయనకి ఫోను చేశాను. విషయమంతా విన్నారు.

"బేలు ఏ రంగండి, మేడమ్ గారండీ?"

"గోనె రంగండి."

"ఇక్కడ నాలుగొందల బేళ్ళున్నాయండి. అన్నీ గోనె రంగేనండి."

"చిరునామా చెరిగిపోయి ఉంటుందండి. వానకి."

"మరి దేన్ని పట్టుకుని పోల్చాలండి?"

ఇక చెప్పక తప్పలేదు. "మూలన ఒక గులాబీ మిగిలి ఉంటుందండి, ఒత్తి వేశాను. రెండు ఆకులు." నవ్వుతారేమోనని రిసీవరు చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను. తర్వాత ఆ ఉరుము గొంతు ఎంతో గంభీరంగా, "ఏ మూలండి?" అని అడిగింది. ఇప్పటికీ తలచుకుంటే ఆయన మీద నాకు గౌరవం కలిగేది ఆ ప్రశ్నకే. ఇంకెవరైనా అయితే ముందు నవ్వేవారు, తర్వాత ఫోను పెట్టేసేవారు.

మర్నాడు గులాబీ దొరకలేదన్నారు. నా వెనకే నిలబడి వింటున్న ప్యాకింగ్ పిన్ని రిసీవరు నా చేతిలోంచి తీసుకుని, "బాబూ, అందులో నేను వేపాకు పోశాను, వాసన వస్తుంది చూడు" అంది. (జ్వరంతో ఉన్నా, సెలవు పెట్టే ముందురోజే ఆకు పోసి, కుట్టడం మాత్రం మాకు వదిలి వెళ్ళిందిట.) మూడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. "హలో, తణుకు. దొరికిందండి. విశాఖపట్నం వెళ్ళే కొబ్బరి పీచు మూటల అడుగున ఉందండి. మద్రాసు లారీ ఎక్కించేశాను. చిరునామా నల్ల రంగుతో నేనే రాశాను" అన్నారు. నేను ఫోను పెట్టేసి అక్కడే కూర్చుని ఏడ్చాను. పిన్ని కూడా కళ్ళు తుడుచుకుని, నా స్కెచ్ పెన్నులు తీసుకెళ్ళి మనవడికి ఇచ్చేసింది.

ఓడ సరుకుతో వెళ్ళిపోయింది, ఓనరు గారి మంచితనం తిరిగొచ్చింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అంత మేలు చేసిన మనిషికి ఏదో ఒకటి ఇవ్వాలి. ఏమివ్వాలి? ఓనరు గారిని అడిగితే బీరువా మీది నుంచి మా ఆఫీసు కేలండరు తీసిచ్చారు. ఆరు నెలలు అయిపోయాయి కదండీ అంటే, మిగతా ఆరు నెలలూ కొత్తవే కదమ్మా అన్నారు. మా అమ్మ జీడిపప్పు పాకం చేసిస్తానంది. పంచదార ఫ్యాక్టరీ ఉన్న ఊరికి మిఠాయి పట్టుకెళ్ళడం నాకు నచ్చలేదు. లేసు టేబుల్ క్లాతు ఇద్దామంటే, ఆయన ఆ గోనె మూటల మధ్య దాన్ని ఎక్కడ పరుచుకుంటారు? పెన్ను ఇస్తే 'ఇంకా బాగా రాసుకో' అన్నట్టుంటుంది. గడియారం ఇస్తే 'వేళకి రా' అన్నట్టుంటుంది. గొడుగు ఇస్తే మా బేలు తడిసిన సంగతి దెప్పినట్టుంటుంది. వారం రోజులు ఇలా ప్రతి వస్తువుకీ ఒక అవమానం వెతుకుతూ గడిపాను. "మనిషిని చూడకుండా ఏం కొంటావే. ముందు వెళ్ళి దణ్ణం పెట్టి రా" అంది పిన్ని. నేను విన్లేదు. చివరికి చొక్కా అని తేల్చుకున్నాను. బట్టల కొట్లో అబ్బాయి "సైజెంతండి?" అంటే, కళ్ళు మూసుకుని ఆ గొంతును ఒకసారి తలచుకుని, "నలభై నాలుగు" అన్నాను.

ఒక శనివారం ఆ చొక్కా పొట్లంతో పాలకొల్లు, పెనుగొండల మీదుగా తణుకులో బస్సు దిగాను. గోడౌను దగ్గర గుమ్మంలోనే ఆయన కనిపించారు. ఆరడుగులు, గుబురు మీసాలు, తలకి తువాలు, నేను ఊహించినదానికి అణువంత తేడా లేదు. దారి పొడుగునా వల్లించుకున్న మాటలన్నీ గడగడా అప్పగించేశాను. మీ రుణం తీర్చుకోలేనిదని, పాతికమంది ఇళ్ళలో మీ పేరు చెప్పుకుంటున్నారని (పేరే తెలియదన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు), ఇది కేవలం అభిమానంతో ఇస్తున్నానని. ఆయన పొట్లం అందుకుని, విప్పి, చొక్కా భుజాలకి ఆనించి చూసుకుని, సంతోషంగా సన్నటి గొంతుతో, "సరిగ్గా సరిపోద్దండి. ఎందుకిచ్చారండి?" అన్నాడు.

ఆ గొంతు నేను ఫోనులో విన్నది కాదు. అప్పుడే లోపల బేళ్ళ వెనక నుంచి, "ఎవరండీ, నరసాపురం మేడమ్ గారాండీ?" అని ఉరుము వినిపించింది. వెనకే, ఈదురుగాలికి ఎగిరిపోతాడేమో అనిపించే బక్కపలచటి మనిషి, కళ్ళజోడు తాడుతో కట్టుకుని బయటికి వచ్చారు. నేను అభిమానంతో చొక్కా ఇచ్చినది హమాలీల మేస్త్రీకి. నా మొహం చూసి తణుకు గారికి సంగతి అర్థమైంది. మేస్త్రీ చొక్కా మడతపెట్టబోయాడు. "ఉంచుకో మేస్త్రీ, నీకే బావుంది. ఆ బేళ్ళన్నీ దించినవాడివి నువ్వే కదా" అని ఆయన గోడ మీది బోర్డు చూపించారు. ఆ పార్సిల్ సర్వీసు యజమాని ఎక్కడో పెద్ద ఊళ్ళో ఉండేవారట, కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్మే మనిషట. ఆ బోర్డు మీద, 'సిబ్బందికి ఎవరూ ఏమీ ఇవ్వరాదు. ఇచ్చినవారి సరుకు తీసుకోబడదు' అని ఉంది. "మేస్త్రీ సిబ్బంది కిందకి రాడండి. నేను వస్తాను" అన్నారు.

కుర్చీ వేశారు, టీ తెప్పించారు (నాకు ఇవ్వకూడదని బోర్డు లేదు). బేలు ఎలా దొరికిందో చెప్పారు. రెండు రోజులు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళకుండా, మేస్త్రీ ఒక్కో బేలూ దించుతుంటే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ప్రతిదాన్నీ వాసన చూశారట. "ముక్కు మూడు రోజులు పని చెయ్యలేదండి. మా ఆవిడ పప్పు మాడ్చినా తెలీలేదు" అన్నారు.

"ఏదో ఒకటి ఇవ్వాలండి మీకు. ఏమివ్వమంటారో మీరే చెప్పండి" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కొంచెం సిగ్గుపడ్డారు. "ఇవ్వాలనే ఉంటే మా హెడ్డాఫీసుకి ఓ కార్డు ముక్క రాయండి. పంతొమ్మిదేళ్ళయిందండి నేను చేరి. ఇక్కణ్ణుంచి పైకి వెళ్ళే ఉత్తరాలన్నీ తిట్లేనండి. సరుకు రాలేదని రాస్తారు, వచ్చిందని ఎవరు రాస్తారు చెప్పండి" అన్నారు.

ఎంత తేలిక. టైపు హయ్యరు పాసైన మనిషిని ఉత్తరం అడిగారు. కార్డు ముక్క ఏంటి, రెండు పేజీలు కొట్టాను, పూర్తి ఇంగ్లీషులో. నిఘంటువులో బరువైన మాటలన్నీ ఏరి పేర్చాను. దాంట్లో ఒక వాక్యానికి తెలుగు చెప్పుకుంటే ఇలా ఉంటుంది: 'ఈ మహనీయుడు ఆకలిదప్పులు మరచి, తన ఆసనమును రెండు దినములు పరిత్యజించి, నాలుగు వందల బేళ్ళను ఒక్కొక్కటిగా, విశ్వాసము గల శునకము వలె, వాసన చూచినారు.' ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, కార్బన్ కాపీ తీసి సొరుగులో దాచుకున్నాను కూడా.

మూడు వారాల తర్వాత వేరే బేలు సంగతి అడగడానికి ఫోను చేశాను. "హలో, తణుకు" అన్న గొంతులో ఉరుము లేదు. "మీ ఉత్తరం చేరిందండి. మెమో వచ్చింది" అన్నారు. అనుమతి లేకుండా రెండు రోజులు సీటు ఎందుకు వదిలారో, ఖాతాదారుల సరుకును వాసన చూడవలసిన అవసరం ఎందుకు కలిగిందో పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. నా ఉద్యోగం నిలబెట్టిన మనిషి ఉద్యోగానికి నేనే నిప్పు పెట్టాను. "నేను మళ్ళీ రాస్తానండి. అన్నీ వివరంగా రాస్తాను" అన్నాను. ఆయన కంగారుగా, "వద్దండి. మీకు పుణ్యముంటుంది, ఇంకేమీ రాయకండి" అన్నారు. ఓనరు గారికి చెబితే, టైపు మిషను మీద మూత వేసి, "రెండు రోజులు దీని జోలికి వెళ్ళకు" అన్నారు. పిన్ని ఒక్కతే, "వెళ్ళి దణ్ణం పెట్టి రమ్మన్నాను కదే, దణ్ణానికి మెమో వస్తుందా" అంది.

పది రోజులు అన్నం సయించలేదు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలని మేస్త్రీ చెప్పిన మాట పదే పదే గుర్తొచ్చేది. ఫోను చేయడానికి ధైర్యం చాలక, గడువు అయిన మర్నాడు సెలవు పెట్టి మళ్ళీ తణుకు బస్సెక్కాను. ఈసారి చేతిలో ఏమీ లేదు. గోడౌను గుమ్మంలో మేస్త్రీ కనిపించాడు, ఒంటి మీద నేనిచ్చిన చొక్కా. "లోపలే ఉన్నారండి" అన్నాడు. ఉన్నారు అన్న మాటకి నాకు సగం ప్రాణం తిరిగొచ్చింది.

తణుకు గారు బల్ల ముందు కూర్చుని, ఎప్పటిలాగే రసీదులు రాస్తున్నారు. నేను నిలబడే, "క్షమించండి, నా మూలంగా మీకు..." అన్నాను.

"కూర్చోండమ్మా. అంతా అయిపోయింది లెండి. ఒక్క ముక్కలో రాసి పంపేశాను. 'వాసన చూశాను, బేలు దొరికింది' అని. 'ఇక ముందు ఇలాటి అవసరం వస్తే ముందుగా తెలియజేయవలెను' అని వాళ్ళూ ముగించేశారు."

"మరి మీ సర్వీసులో మచ్చ..."

"మచ్చేంటండి" అని ఆయన సొరుగు లాగి, ఖాతా పుస్తకం అట్టలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి జాగ్రత్తగా తీశారు. అది ఆ మెమో. నాకు చూడాలనిపించలేదు. "చదవండమ్మా, పై సగం చదవండి" అని బల్ల మీద పరిచారు.

హెడ్డాఫీసు వారు, నేను రాసింది ఏదీ వదలకుండా, కంపెనీ పేరు అచ్చువేసిన మంచి కాగితం మీద మళ్ళీ టైపు చేయించారు. ఫలానా గుమాస్తా ఆకలిదప్పులు మరచి పనిచేసినారనీ, రెండు దినములు శ్రమించి పోయిన సరుకును వెతికి పట్టినారనీ, పాతికమంది స్త్రీల కష్టమును కాపాడినారనీ, శునకముతో సహా, ఖాతాదారు తెలియజేసియున్నారు. మొదట్లో ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. ఆయన పేరు నాకు తెలిసింది ఆ కాగితం మీదే. దాని కింద 'అయితే' అని ఒక మాట, ఆ తర్వాతంతా సంజాయిషీ గొడవ. కాగితం సరిగ్గా ఆ 'అయితే' దగ్గర మడతపడి ఉంది. మడత మీద గోరుతో చాలాసార్లు ఒత్తినట్టు, తెల్లగా గీత పడిపోయింది.

"మా ఆవిడకీ, పిల్లలకీ పై సగం తెలుగు చేసి చదివి వినిపించానండి. కింద సగం వాళ్ళకెందుకు" అన్నారు తణుకు గారు. "పంతొమ్మిదేళ్ళలో ఆఫీసువాళ్ళు నా గురించి ఇలాటి మాటలు కాగితం మీద కొట్టింది ఇదేనండి. వాళ్ళకి తెలీకుండా కొట్టారనుకోండి. అయినా కొట్టారు కదండి." ఆ గొంతు, ఆ బక్క మనిషిలోంచి, ఎంత మెత్తగా వచ్చిందో. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి అట్టలో పెట్టుకుని, "మా పెద్దమ్మాయి కుక్క దగ్గర నవ్వింది. నేనేం అనుకోలేదు లెండి" అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పెనుగొండ దాటేవరకూ నేనొక్కదాన్నే నవ్వుకుంటూ ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కలిగింది గర్వం. ఆయన ఆ కాగితం దాచుకున్నది నా ఇంగ్లీషు బాగున్నందుకేనని అనుకున్నాను. ఇంటికి రాగానే ఆ కార్బన్ కాపీ మా అమ్మకి చదివి వినిపించాను కూడా. ఆ వయసులో అంతకంటే తోచదు మరి. ఇప్పుడు నేను ఆయన అప్పటి వయసు దాటేశాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం చేసి, నాకొచ్చిన కాగితాలూ చూసుకున్నాను, వాటిలోనూ తిట్లే ఎక్కువ. భోజనానికి ఇంటికెళ్ళి భార్యాపిల్లల్ని కూర్చోబెట్టి, కింద సగం కనబడకుండా వేళ్ళతో గట్టిగా పట్టుకుని, ఆ పెద్ద గొంతుతో నెమ్మదిగా చదివే మనిషి ఇప్పుడు కనిపిస్తారు. ఆ రోజు ఎదురుగానే కూర్చుని ఆ కాగితం చదివి వచ్చినా నాకు కనిపించలేదు. ఆ బస్సులో నవ్వుకుంటున్న పిల్లని ఏమీ అనబుద్ధి కాదు. తెలిసో తెలియకో, ఇవ్వవలసినదే ఇచ్చి వచ్చింది.